టేర్ – తరుగు : ఒక తూకపు మాట కథ



మన వార్షిక సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయమని కార్యవర్గ సభ్యులు కోరగా, రాజుల గూర్చి వ్రాయుదునా, కోటల గూర్చి వ్రాయుదునా అని కొన్నాళ్ళు ఆలోచించాను. చివరకు నా జేబులోనే ఒక చరిత్ర దొరికింది. అది ధర్మకాంటా దగ్గర ఇచ్చిన చిన్న చీటీ. దాని మీద మూడు మాటలు, మూడు అంకెలు మాత్రమే ఉన్నవి. గ్రాస్, టేర్, నెట్. ఈ మూడింటిలో నడిమి మాట గూర్చియే ఈ వ్యాసం.

మన ప్రొద్దుటూరు రైతుల ఊరు. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతమంతా అంతే. కూరగాయలు, పూలు, వడ్లు, జొన్నలు, ఏదో ఒకటి సంచికెత్తి పట్నానికి పంపనిదే ఇక్కడ పొద్దు గడవదు. కాబట్టి తూకమన్నది మనకు పుస్తకాల సంగతి కాదు, ఇంట్లో పొయ్యి వెలిగే సంగతి.

ముందుగా ఆ మాటకు అర్థం చెప్పుకొందాం. సరుకుతో నిండిన లారీని కాంటా ఎక్కిస్తే వచ్చేది మొత్తం బరువు, అదే గ్రాస్. సరుకు దించి ఖాళీ లారీని మళ్ళీ ఎక్కిస్తే వచ్చేది టేర్. మొదటి దానిలోనుంచి రెండవది తీసివేయగా మిగిలినదే సరుకు అసలు బరువు, దానిని నెట్ అంటారు. లారీకి లారీ ఎట్లాగో, వడ్లకు గోనె సంచి, నూనెకు డబ్బా, టమాటాలకు బుట్ట, మిఠాయికి అట్టపెట్టె అట్లాగే. సరుకును మోసేది, చుట్టేది, పట్టి ఉంచేది ఏదైనా సరే, దాని బరువే టేర్. రైలు గూడ్సు పెట్టె ప్రక్కన ఈ మాట వ్రాసి ఉంటుంది. సముద్రం మీద పోయే ఇనుప కంటైనరు తలుపు మీద ఉంటుంది. గల్ఫు రేవులలో పని చేసి వచ్చిన మన పిల్లలనడగండి, చెబుతారు. 20 అడుగుల కంటైనరు ఖాళీగా ఉన్నప్పుడే సుమారు 2,200 కిలోలు తూగుతుంది. 2016 జూలై 1 నుంచి అంతర్జాతీయ నిబంధన ప్రకారం, తూకం రూఢి చేయని కంటైనరును ఓడలోకి ఎక్కించరాదు. లోపలి సరుకు విడిగా తూచినట్లయితే దానికి తలుపు మీది టేర్ అంకెను కలిపి లెక్క చూపవలెను. కిరాణా కొట్టులోని కరెంటు కాంటా మీద కూడా ‘టి’ అని ఒక మీట ఉంటుంది. ఖాళీ గిన్నె పెట్టి ఆ మీట నొక్కితే అంకె సున్నాకు వస్తుంది. ఆ ‘టి’ ఈ టేరే.

మరి ఈ మాట ఎక్కడిది? ఇంగ్లీషుది అనుకుంటాం. ఇంగ్లీషువారు దీనిని ఫ్రెంచివారి వద్ద తీసుకున్నారు. ఫ్రెంచివారికి ఇది ఇటలీ, స్పెయిన్ వైపు వర్తకుల నుండి ‘తారా’ అనే రూపంలో వచ్చింది. వారికి ఇచ్చినవారు అరబ్బు వర్తకులు. అరబ్బీలో ‘తరహ’ అంటే పారవేయుట, తీసి ప్రక్కన పెట్టుట. ‘తర్హ్’ అంటే లెక్కలలో తీసివేత. నేటికీ అరబ్బు బడులలో పిల్లలు కూడికను ‘జమా’ అనీ, తీసివేతను ‘తర్హ్’ అనీ నేర్చుకుంటారు. మధ్యధరా సముద్రపు రేవులలో మిరియాలు, దూది, పంచదార చేతులు మారేటప్పుడు సంచి బరువును తీసివేయవలసి వచ్చేది. ఆ తీసివేతకు అరబ్బులు పలికిన మాటనే కొన్నవారు కూడా పలికారు. సరుకుతో పాటు మాట కూడా ఓడ ఎక్కింది.

ఇందులో మనకొక వింత గలదు. ఇదే అరబ్బీ ధాతువు పారశీకం, ఉర్దూల మీదుగా మనింటికి వేరే దారిన వచ్చింది. ఉర్దూలో ‘ఇస్ తరహ్’, ‘కిస్ తరహ్’ అంటాం. తర్హీ ముషాయిరాలో కవుల ముందు ఒక పాదం ‘వేస్తారు’, అందరూ దాని మీద గజల్ అల్లుతారు. తెలుగులో ‘అదో తరహా మనిషి’ అంటాం. వేయుట, పరచుట అనే అర్థం నుండి తీరు, పద్ధతి అనే అర్థం పుట్టింది. కాబట్టి లారీ మీది టేర్, మన నోటి ‘తరహా’ ఒకే తల్లి బిడ్డలు. ఒకడు పడమటికి పోయి కాంటా ఎక్కాడు, ఇంకొకడు తూర్పుకు వచ్చి కవిత్వంలో చేరాడు. వర్తకపు మాటలలో ఇటువంటివి ఇంకా ఉన్నవి. మనం రోజూ పలికే అసలు, బాకీ, జమ, వసూలు, హమాలీ అన్నీ అరబ్బీ నుండి వచ్చినవే. పత్రికలలో కనబడే ‘టారిఫ్’ కూడా మన ‘తారీఫ్’ బంధువే. తెలియజేయుట అని దాని మొదటి అర్థం.

గోల్కొండ నవాబుల కాలంలో మన రేవు మచిలీపట్నం. డచ్చివారు 1605 ప్రాంతంలోనూ, ఇంగ్లీషువారు 1611లోనూ అక్కడ వర్తకానికి దిగారు. డచ్చి భాషలో కూడా ఈ తీసివేతకు ‘తారా’ అనే పేరు. అదే రేవు నుండి గోల్కొండ ఓడలు ఎర్రసముద్రం వైపు కూడా పోయేవి. ఆ ఓడలలో హాజీలు ఉండేవారు, బట్టల మూటలూ ఉండేవి. అనగా అరబ్బు మాటను అటు అరబ్బులతోనూ, ఇటు ఐరోపావారితోనూ పంచుకున్న రేవు మనది.

అయితే మన పల్లెలలో పూర్వం టేర్ అవసరమే అంతగా ఉండేది కాదు. ఎందువలననగా ధాన్యాన్ని తూచేవారు కారు, కొలిచేవారు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం, తూము, పుట్టి. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. కొలతలో సంచి ప్రసక్తి లేదు. అక్కడి మోసం వేరు. తీసుకొనేటప్పుడు రాశి పోసి తీసుకొనుట, ఇచ్చేటప్పుడు అంచుకు కర్రతో చదును చేసి ఇచ్చుట. మన ఫిత్రా కూడా కొలత మీద ఏర్పడినదే సుమా. అరబ్బుల ‘సా’ అనేది నాలుగు ‘ముద్’లు, మన కుంచం నాలుగు మానికలైనట్లే.

తూకం పెరిగిన కొద్దీ సంచి వచ్చి తరాజులో కూర్చున్నది. తరాజు అన్నది పారశీకపు మాట. నిజాం రాజ్యంలో సేరు, మణుగు, పల్లాల లెక్క నడిచేది. పల్లా అంటే 120 సేర్లు. తరాజు తట్టలలో హెచ్చుతగ్గు ఉంటే తేలిక తట్టకు చిన్న రాయి కట్టేవారు. దానిని పాసంగం అనేవారు. ఆ పాసంగమే టేర్‌కు చిన్న తమ్ముడు. సరుకు కాని బరువును సరుకు లెక్కలోకి రానీయకుండా ఆపుటే దాని పని. 1958 అక్టోబరు 1 నుండి దేశంలో కిలో, గ్రాముల పద్ధతి మొదలైంది. రాళ్ళు మారినవి, సంచి మాత్రం మారలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. టేర్‌ను తెలుగులో ఏమంటారని ఎవరినైనా అడగండి. చాలామంది ‘తరుగు’ అంటారు. వినడానికి రెండూ ఒకటిగానే ఉన్నవి. కాని ఈ రెండూ చుట్టాలు కావు. తరుగు అచ్చ తెలుగు మాట. తరుగుట అంటే తగ్గుట, క్షీణించుట. టేర్ అంటే ‘సరుకు కానిదానిని తీసివేయుట’. తరుగు అంటే ‘సరుకులోనుంచే తగ్గించుట’. పేరులో పోలిక ఉన్నది గదా అని ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటే, రైతు సంచిలోనుంచి పిడికెళ్ళు పిడికెళ్ళుగా ధాన్యం పోతుంది.

నా చిన్నతనంలో ఒకసారి మా అబ్బాతో కలిసి మార్కెట్టుకు పోయాను. ఏ ఊరి మార్కెట్టో, ఏ దుకాణమో ఇప్పుడనవసరం. తూచిన తర్వాత గుమస్తా సంచికింత అని కోత వేశాడు. మా అబ్బా, “సేఠ్, సంచి బరువు పట్టుకున్నారు, సరే. మళ్ళీ తరుగు అని ఇంకొకటి పట్టుకున్నారు. అది దేనిది?” అని అడిగారు. “అది మామూలే మియా” అని జవాబు. “ఐతే ఖాళీ సంచిని ఒకసారి కాంటా మీద పెట్టండి” అన్నారు అబ్బా. హమాలీలు నవ్వారు. ఎవరూ పెట్టలేదు. దారి పొడుగునా అబ్బా మాట్లాడలేదు. ఆ ఖాళీ సంచిని తూచమన్న మాటే టేర్ అనే శాస్త్రమంతా అని నాకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. కొత్త గోనె సంచి ఆరు వందల గ్రాములకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. 40 కిలోల వడ్లు పోస్తే కాంటా మీద 40 కిలోల 600 గ్రాములు చూపవలెను. అది న్యాయం. అదే సంచిని 41 కిలోల 500 గ్రాములు తూగేదాకా నింపించి 40 కిలోలుగా వ్రాసుకుంటే, సంచికి 900 గ్రాముల ధాన్యం లెక్కలో లేకుండా పోయినట్లు. నూరు సంచులకు 90 కిలోలు. అంటే రెండు సంచులు నిండి మూడవ దానిలో పావు వంతు. దున్నినది, నాటినది, నీళ్ళు కట్టినది రైతే. ఆ రెండుంబావు సంచులకు మాత్రం ఎవరూ వెల కట్టరు.

దీనికి వర్తకులు చెప్పే కారణం ఒకటి ఉన్నది. ధాన్యంలో తేమ ఉంటుంది, మట్టి, తాలు ఉంటాయి, ఆరితే తగ్గుతుంది గదా అంటారు. అందులో నిజం లేకపోలేదు. అమ్మేవాడు కూడా తప్పు చేయవచ్చు. ఒక హదీసులో ఈ సంగతి వస్తుంది. మహాప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు రాశిలోనికి చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. ఇదేమని అడిగితే వాన పడిందని అమ్మేవాడు చెప్పాడు. అట్లయితే తడిసిన దానిని జనానికి కనబడేటట్లు పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసం చేసేవారు తనవారు కారని హెచ్చరించారు. ఇక్కడ గమనించవలసినది, తడి ఉన్నదని ఆయన తూకంలో కోత పెట్టమనలేదు. తడిని చూపమన్నారు. చూపితే కొనేవాడు దానికి తగిన ధర కడతాడు. నేడు తేమను కొలిచే మిషన్లు ఉన్నవి. ప్రభుత్వ కొనుగోలులో వడ్లకు 17 శాతం తేమ వరకు హద్దు. కొలిచి చూపిన తేమకు లెక్క ఉంటుంది. కొలవకుండా వేసే తరుగుకు మామూలు తప్ప లెక్క లేదు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే కాదు. పూర్వం ఇంగ్లీషు వర్తకులలో టేర్‌తో పాటు ‘ట్రెట్’ అని ఇంకొకటి ఉండేది. దుమ్ము, వ్యర్థం క్రింద ప్రతి 104 పౌనులకు 4 పౌనులు కొనేవానికి వదలవలెనని ఆచారం. అక్కడి బడి లెక్కల పుస్తకాలలో టేర్, ట్రెట్ అని ప్రత్యేకంగా ఒక పాఠమే ఉండేది. కాలక్రమాన ట్రెట్ పోయింది. నేడు ఆ మాట నిఘంటువులలో తప్ప కనబడదు. టేర్ మాత్రం ప్రపంచమంతటా నిలిచింది. కారణం స్పష్టం. టేర్‌ను ఎవరైనా, ఎప్పుడైనా కాంటా మీద పెట్టి చూపవచ్చు. ట్రెట్‌ను చూపలేరు. చూపగలిగినది న్యాయంగా మిగిలింది, చూపలేనిది రాలిపోయింది. మన తరుగు కూడా ఆ ట్రెట్ జాతిదే. అది పోయే రోజు కూడా రావలెను.

మన పాలకులు ఈ సంగతి ఎరుగకపోలేదు. నిజాం కాలంలోనే 1339 ఫస్లీలో, అంటే 1930లో, హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. తర్వాత 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది. మార్కెట్టులో తూకం ఎట్లా జరగవలెనో, ఏ కోతలు ఉండవచ్చునో అనేది వర్తకుని ఇష్టానికి వదలక ఒక కట్టుబాటులోకి తెచ్చుటే వీటి ఉద్దేశం. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనవి. దుకాణాలలో అమ్మే పొట్లాలకు కాగితం, పెట్టె బరువు విడిచి నికర తూకమే చూపవలెనని తూనికల చట్టం చెబుతుంది. చట్టాలున్నవి. ఖాళీ సంచిని కాంటా మీద పెట్టమని అడిగే నోరు కావలెను.

ఇంతవరకు మన ప్రొద్దుటూరు సంగతి. ప్రొద్దుటూరు అనగానే బయటివారు కడప జిల్లా ప్రొద్దుటూరు అనుకుంటారు. అది బంగారపు అంగళ్ళకు పేరు పొందిన ఊరు. అక్కడైనా, పట్నంలోనైనా, బంగారం కొనబోయిన ప్రతి తల్లికి ఈ తరుగు అనే మాట తగులుతుంది. తరుగు ఇంత శాతం, మజూరీ ఇంత అని బిల్లు వ్రాస్తారు. కరగడంలో, రాకడంలో పొడి పోతుందని మొదటి కారణం. ఆ పొడి కూడా నిజంగా పోదు. అంగడి ఊడ్పును కొని, కడిగి, బంగారం తీసేవారు ఉన్నారు. 20 గ్రాముల నగకు 12 శాతం తరుగు అంటే 2 గ్రాముల 400 మిల్లీగ్రాములు. ఆ బంగారం మన మెడలోకి రాదు, మన డబ్బు మాత్రం పోతుంది.

ఇక రాళ్ళ నగలో టేర్ ఉన్నది. పచ్చలు, కెంపులు పొదిగిన హారం, నల్లపూసల లచ్చా, కుందనపు పని. వీటిలో రాళ్ళ బరువు, లోపలి లక్క బరువు బంగారం కాదు. వాటిని తీసి తూచినదే నికర బంగారం. హాల్‌మార్కు 2021 జూన్ 16 నుండి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాంకెల గుర్తు లేని హాల్‌మార్కు నగ అమ్మరాదు. కాని హాల్‌మార్కు స్వచ్ఛతను చెబుతుంది గాని తూకాన్ని చెప్పదు. నికర తూకం బిల్లులో వ్రాయించుకొనవలెను. అక్కచెల్లెళ్ళు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఈ వ్యాసం వ్రాసిన శ్రమ తీరినట్లే.

జకాత్ లెక్కలోనూ ఇదే. మన హనఫీ ఫిఖహ్ ప్రకారం ఏడున్నర తులాలు, అంటే 87 గ్రాముల 480 మిల్లీగ్రాముల బంగారం ఉంటే నిసాబు. ఇది పాత తులం, 11 గ్రాముల 664 మిల్లీగ్రాములది. నేటి అంగట్లో 10 గ్రాములకే తులం అంటున్నారు, కాబట్టి గ్రాములలోనే చూసుకొనవలెను. రాళ్ళ బరువు విడిచి బంగారానికే జకాత్. ఇక్కడ మనకు ఒక పరీక్ష ఉన్నది. నగ అమ్మబోయేటప్పుడు రాళ్ళతో సహా బరువు చెప్పి, జకాత్ ఇచ్చేటప్పుడు “అందులో రాళ్ళే ఎక్కువండీ” అంటే, మన ఇంటిలోనే రెండు తరాజులున్నట్లు.

దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా పేరే అల్ ముతఫ్ఫిఫీన్, అంటే కొలతలో తక్కువ చేసేవారు. తమకు రావలసినది నిండుగా కొలిపించుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ఆ సూరా గట్టిగా హెచ్చరిస్తుంది. షుఐబ్ ప్రవక్త మద్‌యన్ ప్రజలకు చేసిన బోధలో కూడా కొలత, తూకం ముఖ్యమైనవి. అందుచేతనే ముస్లిం పట్టణాలలో ముహ్‌తసిబ్ అనే అధికారి బజారు తిరిగి రాళ్ళు, తరాజులు తనిఖీ చేసేవాడు. ఈజిప్టులో క్రీ.శ. 8వ శతాబ్దపు గాజు తూనికరాళ్ళు దొరికినవి. వాటిలో కొన్నింటి మీద, నిండుగా ఇమ్మని అల్లాహ్ ఆజ్ఞ ఉన్నదనే భావం చెక్కి ఉన్నది. రాయి చేతికెత్తుకున్న ప్రతిసారి వర్తకుడు ఆ మాట చదివేవాడన్నమాట.

ఒక మాట ఒప్పుకొని ముగిస్తాను. నేను కూడా కొంతకాలం చిన్న కిరాణా కొట్టు పెట్టుకొని కూర్చున్నాను. పంచదార పొట్లం కట్టేటప్పుడు కాగితంతో సహా తూచేవాడిని. ‘ఏముందిలే, రెండు గ్రాములు’ అనుకొనేవాడిని. ఒకనాడు పాత పేపర్ల కట్ట కిలోల లెక్కన కొంటూ ఉండగా, ఈ కాగితాన్ని పంచదార ధరకు అమ్ముతున్నానే అని తట్టింది. ఆనాడు అబ్బా నడిచి వచ్చిన దారి గుర్తుకు వచ్చింది. ఖాళీ సంచిని తూచని ఆ గుమస్తాకూ నాకూ తేడా ఎంత? గ్రాములలో తేడా, అంతే. మరునాటి నుండి రెండవ తట్టలో కూడా ఒక కాగితం పెట్టి తూచాను.

మన సంఘ సభ్యులలో రైతులున్నారు, కూరగాయల బండ్లవారున్నారు, మాంసం దుకాణాలవారున్నారు, మార్కెట్టులో హమాలీలు ఉన్నారు, బంగారం కొనే గృహిణులు ఉన్నారు. అందరికీ నా మనవి ఒకటే. అమ్మేటప్పుడు మీరే ముందుగా ఖాళీ గిన్నెను కాంటా మీద పెట్టండి. కొనేటప్పుడు మర్యాదగా పెట్టమని అడగండి. రమజాన్‌లో బీదవారికి పంచే బియ్యపు సంచులు తూచేటప్పుడు కూడా సంచి బరువు విడిచి తూచండి. అది దానమే గదా, ఎవరడుగుతారు అనుకోవద్దు. అడగలేనివాని తూకమే ముందు సరిగా ఉండవలెను.

తరుగు వద్దు, టేర్ చాలు. సరుకు కానిది తీసివేయండి, సరుకును ముట్టకండి. మన పూర్వులు ప్రపంచ వర్తకానికి ఇచ్చిన ఈ చిన్న మాటను మన కొట్టులోనే, మన కళ్ళంలోనే మరచిపోతే అది మనకే నష్టం.

తూకంలో న్యాయంగా నిలిచే తౌఫీఖ్‌ను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.